ఒక ఈవీ బ్రాండ్ నుంచి ఇంకో బ్రాండ్‌కు మారుతున్నారా? ముందు ఛార్జింగ్ చూడండి, తర్వాతే కారు

పెట్రోల్ కారు వదిలి ఎలక్ట్రిక్ కారు కొనేవాళ్లకు సలహాలు కుప్పలుగా దొరుకుతాయి. ఇప్పటికే ఈవీ నడుపుతూ ఇంకో కంపెనీ ఈవీకి మారదామనుకునేవాళ్లను మాత్రం ఎవరూ పెద్దగా పట్టించుకోరు. "నీకేంటి, ఈవీ గురించి అంతా తెలుసుగా" అనేస్తారు. తెలిసిన మాట నిజమే, కానీ ఆ తెలిసిందంతా ఒక్క కంపెనీ ఈవీ గురించి.

పెట్రోల్ కారు ఏ కంపెనీదైనా ఏ బంకులోనైనా ట్యాంకు నింపుకోవచ్చు. ఈవీకి ఆ సౌకర్యం ఇంకా పూర్తిగా రాలేదు. కారు, ఛార్జింగ్ నెట్‌వర్క్, యాప్, ఖాతా, నావిగేషన్ ఇవన్నీ ఒకదానికొకటి ముడిపడి ఉంటాయి. కారు మార్చడమంటే ఆ ముడులన్నీ విప్పి మళ్లీ కొత్తగా వేయడమే. అందుకే ఈ మార్గదర్శిలో డిజైన్, సీట్లు, రంగుల ఊసు లేదు. అవి మీరు షోరూమ్‌లో కళ్లారా చూసుకుంటారు. అక్కడ కనిపించనివే ఇక్కడ చెబుతున్నాను.

1. ముందు పాత కారును గమనించండి

కొత్త కార్ల వీడియోలు కాసేపు పక్కనపెట్టి, రెండు వారాల పాటు ఇప్పుడున్న కారునే శ్రద్ధగా చూడండి. ఒకే బ్రాండ్‌తో కొన్నేళ్లు గడిచాక అది చేసిపెట్టే పనుల్లో సగం మన కంటికి ఆనవు. దూరప్రయాణంలో ఎక్కడ ఆగి ఛార్జ్ చేసుకోవాలో నావిగేషనే చెబుతోందా? ఛార్జర్ దగ్గరికి చేరేలోపే బ్యాటరీని తగిన వేడికి తెస్తోందా? ఛార్జర్ గన్ (కేబుల్ చివరి ప్లగ్) పెట్టగానే డబ్బు దానంతటదే కట్ అవుతోందా? ఫోన్ జేబులో ఉంటే చాలు తలుపు తెరుచుకుంటోందా? ఇవన్నీ ఈవీలన్నింటికీ ఉండే లక్షణాలని అనుకుంటాం. చాలావరకు అవి ఆ ఒక్క కంపెనీ ఇచ్చినవి.

ఒక కాగితం మీద మూడు వరసలు గీయండి. లేకపోతే కుదరనివి మొదటి వరసలో, లేకపోయినా సర్దుకోగలిగేవి రెండో వరసలో, మిమ్మల్ని విసిగిస్తున్నవి మూడో వరసలో రాయండి. మూడో వరస నిజాయితీగా రాయాలి, ఎందుకంటే మారాలన్న కోరిక పుట్టింది అక్కడి నుంచే. సర్వీస్ సెంటర్ దూరమని విసిగి మారుతున్నవాళ్లు కొత్త కంపెనీ సర్వీస్ సెంటర్ ఎంత దూరమో చూడకుండానే బుక్ చేసేయడం చాలా మామూలు.

ఇంకో పని కూడా ఉంది. మీ కారు కిలోమీటరుకు ఎన్ని వాట్ అవర్లు తింటోందో స్క్రీన్ మీద చూసి రాసుకోండి. ఊళ్లో ఎంత, హైవే మీద ఎంత, బాగా చలిగా ఉన్నప్పుడు ఎంత, ఏసీ గట్టిగా వాడినప్పుడు ఎంత అని విడివిడిగా రాయండి. మీరు నడిపే తీరు, మీ దారులు, మీ వాతావరణం అన్నీ ఆ అంకెల్లోనే ఉంటాయి. రేంజ్ లెక్కల దగ్గర ఇవే అక్కరకొస్తాయి.

2. ఛార్జింగ్ సంగతి తేల్చుకోండి

అన్నిటికన్నా ఎక్కువ సమయం దీనికే కేటాయించండి.

మొదట సాకెట్. ప్రపంచమంతా ఒకటే ప్లగ్ లేదు. యూరప్‌తో పాటు చాలా దేశాల్లో ఫాస్ట్ ఛార్జింగ్‌కు సీసీఎస్2, మామూలు ఏసీ (ఇంటికి వచ్చే ఆల్టర్నేటింగ్ కరెంట్) ఛార్జింగ్‌కు టైప్ 2 నడుస్తున్నాయి. చైనాలో జీబీ/టీ ఉంది. జపాన్ నుంచి వచ్చిన చాడెమో ఒకప్పుడు నిస్సాన్ లీఫ్ వల్ల బాగా విస్తరించింది, ఇప్పుడు యూరప్‌లోనూ ఉత్తర అమెరికాలోనూ వెనకబడిపోతోంది. లీఫ్ కొత్త తరమే ఆ మార్కెట్లలో చాడెమోను వదిలేసింది. ఉత్తర అమెరికాలో కథ ఇంకా మారుతూనే ఉంది. టెస్లా తన సొంత కనెక్టర్‌ను 2022 నవంబరులో ఎన్ఏసీఎస్ పేరుతో అందరికీ తెరిచింది. 2023లో ఫోర్డ్, ఆ వెంటనే జనరల్ మోటార్స్, తర్వాత మిగతా కంపెనీలు వరసగా అటు మళ్లాయి. దాంతో ఒకే మోడల్‌లో పాత కారుకు అక్కడ అప్పటిదాకా నడిచిన సీసీఎస్1 పోర్ట్, కొత్త కారుకు ఎన్ఏసీఎస్ పోర్ట్ ఉండే పరిస్థితి వచ్చింది. కాబట్టి మోడల్ పేరు చూసి నిర్ణయానికి రావద్దు. మీరు కొనబోయే ఆ సంవత్సరపు కారుకు ఏ పోర్ట్ ఉందో డీలర్‌తో రాయించుకోండి.

పోర్ట్ కలవకపోతే అడాప్టర్ ఉందిగా అంటారు. ఉంది, కానీ ఇక్కడ ఒక ప్రమాదం దాగి ఉంది. ఏసీ అడాప్టర్, డీసీ (ఫాస్ట్ ఛార్జర్లు ఇచ్చే డైరెక్ట్ కరెంట్) అడాప్టర్ చూడటానికి ఒకేలా ఉండొచ్చు, పని మాత్రం పూర్తిగా వేరు. ఇంటి ఛార్జర్ కోసం చేసిన ఏసీ అడాప్టర్‌ను ఫాస్ట్ ఛార్జర్‌కు తగిలించే ప్రయత్నం ఎప్పుడూ చేయకూడదు. డీసీ అడాప్టర్ గుండా వందల వోల్టులు, వందల యాంపులు ప్రవహిస్తాయి. అది కారు కంపెనీ ఇచ్చినదో ఆమోదించినదో అయితేనే వాడండి. చవగ్గా దొరికిందని ఊరూపేరూ లేనిది కొంటే మంటలు రావచ్చు, వారంటీ పేచీలూ మొదలవచ్చు.

రెండోది నెట్‌వర్క్. ప్లగ్ సరిపోయినంత మాత్రాన ఛార్జర్ మీ కారుకు కరెంటు ఇస్తుందన్న హామీ లేదు. టెస్లా సొంత ఫాస్ట్ ఛార్జింగ్ స్టేషన్లైన సూపర్‌ఛార్జర్లు 2021 నవంబరులో నెదర్లాండ్స్‌లో ప్రయోగంగా మొదలుపెట్టి ఇతర కంపెనీల కార్లకు తెరుచుకుంటూ వచ్చాయి. అయినా ప్రతి దేశంలో, ప్రతి స్టేషన్‌లో ఆ అనుమతి లేదు. పాత తరం స్టేషన్లు చాలాచోట్ల టెస్లాలకే పరిమితం. టెస్లా నుంచి బయటికి వెళ్తున్నవాళ్లు "ఎలాగూ సూపర్‌ఛార్జర్లు తెరిచారుగా" అన్న ధీమాతో ఉండకూడదు. మీరు తరచూ వెళ్లే దారిలోని స్టేషన్లను ఒక్కొక్కటిగా యాప్‌లో చూసుకోండి. బయటి కార్లకు రేటు వేరుగా ఉండటం, నెలవారీ సభ్యత్వం తీసుకుంటే తగ్గడం కూడా మామూలే.

మూడోది వోల్టేజీ. బ్రోచర్లో ఇది చిన్న అక్షరాల్లో ఉంటుంది. చాలా ఈవీలు 400 వోల్టుల వ్యవస్థ మీద నడుస్తాయి. పోర్షే టైకాన్, హ్యుందాయ్ ఐయోనిక్ 5, కియా ఈవీ6 లాంటివి 800 వోల్టుల తరహావి. ఐయోనిక్ 5 తగిన 350 కిలోవాట్ల ఛార్జర్ దగ్గర 10 శాతం నుంచి 80 శాతానికి సుమారు 18 నిమిషాల్లో వెళ్తుందని హ్యుందాయ్ ప్రకటించింది. ఆ వేగం రావాలంటే ఛార్జర్ కూడా అంత ఎక్కువ వోల్టేజీ ఇవ్వగలగాలి. టెస్లా మూడో తరం సూపర్‌ఛార్జర్ గరిష్ఠంగా సుమారు 500 వోల్టులే ఇస్తుంది కాబట్టి అదే కారు అక్కడ అరగంట దాకా తీసుకుంటుంది. మొదటి టైకాన్లు అదనపు పరికరం పెట్టించుకోకపోతే 400 వోల్టుల ఛార్జర్ల దగ్గర 50 కిలోవాట్లకే ఆగిపోయేవి. మీ దారిలో ఉన్నవన్నీ 400 వోల్టుల ఛార్జర్లే అయితే, 800 వోల్టుల కారుకు ఎక్కువ ఖర్చు పెట్టడం నా దృష్టిలో అర్థం లేని పని.

బ్రోచర్లో రాసే గరిష్ఠ కిలోవాట్లను చూసి కూడా మురిసిపోవద్దు. ఆ వేగం కొన్ని నిమిషాలే ఉండొచ్చు. 10 నుంచి 80 శాతానికి పట్టే మొత్తం సమయం అడగండి, బ్యాటరీ నిండేకొద్దీ వేగం ఎలా మారుతుందో చూపే ఛార్జింగ్ కర్వ్ గ్రాఫ్ దొరికితే చూడండి. 250 కిలోవాట్లకు ఎగబాకి వెంటనే పడిపోయే కారు కన్నా 150 దగ్గర నిలకడగా ఉండే కారు ఒక్కోసారి ముందుగా పని ముగిస్తుంది.

నాలుగోది పోర్ట్ ఉన్న చోటు. నవ్వుకోవద్దు, రోజూ ఇబ్బంది పెట్టేది ఇదే. టెస్లాకు వెనక ఎడమవైపు ఉంటుంది, సూపర్‌ఛార్జర్ కేబుల్ పొడవును దాన్ని బట్టే పెట్టారు. ఐయోనిక్ 5కు వెనక కుడివైపు, ఫోర్డ్ మస్టాంగ్ మాక్-ఈకి ముందు ఎడమ రెక్క మీద, హ్యుందాయ్ కోనా, పాత లీఫ్‌లకు ముక్కు మీదే ఉంటుంది. పొట్టి కేబుల్ ఉన్న స్టేషన్‌లో పోర్ట్ అటువైపు పడితే పక్క స్థలం కూడా ఆక్రమించి అడ్డంగా నిలబెట్టాల్సి వస్తుంది. ఇంట్లో పార్క్ చేసే దిశ కూడా మారొచ్చు. ముందుకు నడిపి పెట్టే అలవాటున్న చోట ఇకపై రివర్స్‌లో పెట్టాలేమో చూసుకోండి.

3. ఇంటి ఛార్జర్

గోడకున్న ఛార్జర్ మార్చాల్సిన అవసరం చాలామందికి రాదు. టైప్ 2 నడిచే చోట్ల ఒక కంపెనీ పేరున్న గోడ ఛార్జర్ కూడా మామూలుగా ఇంకో కంపెనీ కారును ఛార్జ్ చేస్తుంది. ముందు దాని సెట్టింగుల్లో ఇతర బ్రాండ్ల కార్లకు అనుమతి ఉందో లేదో చూడండి. ప్లగ్ వేరైతే ఏసీ అడాప్టర్ చాలు, లేదా కేబుల్ ఒక్కటే మార్పించుకోవచ్చు.

చూడాల్సింది కారు లోపల ఉండి, ఏసీ కరెంటును బ్యాటరీకి తగ్గట్టు మార్చే ఆన్‌బోర్డ్ ఛార్జర్. గోడ మీద 22 కిలోవాట్ల ఛార్జర్ ఉన్నా కారులోది 7.4 కిలోవాట్లే అయితే 7.4 మాత్రమే తీసుకుంటుంది. మీ ఇంట్లో త్రీ ఫేజ్ కనెక్షన్ ఉండి, కొత్త కారు సింగిల్ ఫేజ్ మాత్రమే తీసుకునేదైతే పాత కారు కన్నా రాత్రి ఛార్జింగ్ నెమ్మదించవచ్చు. అర్ధరాత్రి కరెంటు రేటు తగ్గే చోట టైమర్‌ను కారులో పెట్టాలా, ఛార్జర్‌లో పెట్టాలా అన్నది ముందే తేల్చుకోండి. రెండింట్లోనూ పెడితే ఒకటి ఆన్ అయ్యే సమయానికి ఇంకోటి ఆఫ్‌లో ఉండి, పొద్దున లేచేసరికి బ్యాటరీ నిన్నటి దగ్గరే ఉంటుంది.

4. రేంజ్‌ను మీ లెక్కతోనే కొలవండి

ఒకే కారుకు యూరప్ పద్ధతి డబ్ల్యూఎల్‌టీపీలో ఒక అంకె, అమెరికా ఈపీఏలో దానికన్నా తక్కువ అంకె, చైనా సీఎల్‌టీసీలో ఆ రెండింటికన్నా ఎక్కువ అంకె వస్తాయి. పాత కారు ఈపీఏ అంకెను కొత్త కారు సీఎల్‌టీసీ అంకెతో పోల్చి "రేంజ్ పెరిగింది" అని సంబరపడేవాళ్లు ఉన్నారు. రెండు అంకెలూ ఒకే పద్ధతివి కాకపోతే ఆ పోలికకు విలువ లేదు.

దానికన్నా నమ్మదగిన లెక్క మీ కాగితం మీద ఉంది. కొత్త కారు బ్యాటరీలో వాడుకోగలిగే సామర్థ్యం ఎన్ని యూనిట్లో (కిలోవాట్ అవర్లో) కనుక్కోండి. మొత్తం సామర్థ్యం వేరు, వాడుకోగలిగేది వేరు, కొన్ని కంపెనీలు మొదటిదే పెద్దగా చెబుతాయి. తర్వాత ఆ మోడల్ నడిపేవాళ్లు చెప్పే హైవే వినియోగం చూడండి. ఉదాహరణకు వాడుకోగలిగేది 60 యూనిట్లు, హైవే మీద కిలోమీటరుకు 200 వాట్ అవర్లు అనుకుందాం. నిండా ఉంటే 300 కిలోమీటర్లు. అయితే దారిలో మనం తిరిగేది 10 నుంచి 80 శాతం మధ్యనే, అంటే 42 యూనిట్లు. ఒక ఆగుడుకూ ఇంకో ఆగుడుకూ మధ్య మీకు నిజంగా దొరికేది 210 కిలోమీటర్లు. మీ అలవాటు దారిలో ఛార్జర్లు ఈ దూరానికి సరిపడా ఉన్నాయా అన్నదే ప్రశ్న. "ఏ బెటర్ రూట్‌ప్లానర్" (A Better Routeplanner) లాంటి ఈవీ ప్రయాణ ప్రణాళిక యాప్‌లో కొత్త మోడల్ ఎంచుకుని, మీకు తెలిసిన దారినే నడిపించి చూడండి. పాత కారుతో ఎన్నిసార్లు ఆగేవారో మీకు తెలుసు కాబట్టి తేడా వెంటనే తెలిసిపోతుంది.

చలి ఎక్కువగా ఉండే చోట ఉంటే హీట్ పంప్ (తక్కువ కరెంటుతో కారును వెచ్చబరిచే ఏర్పాటు) ఉందో లేదో అడగండి. ఒకే మోడల్‌లో కొన్ని వేరియంట్లకు ఉండి, కొన్నింటికి లేకపోవచ్చు.

5. బ్యాటరీ రకం మారితే అలవాటు మారాలి

ఎన్ఎంసీ (నికెల్, మాంగనీస్, కోబాల్ట్) రకం బ్యాటరీ ఉన్న కారుకు రోజూ 80 శాతం దాకా ఛార్జ్ చేసి, దూరం వెళ్లేటప్పుడే 100 చేయమని కంపెనీలు సాధారణంగా చెబుతాయి. ఎల్ఎఫ్‌పీ (లిథియం ఐరన్ ఫాస్ఫేట్) రకం వేరు. ఎల్ఎఫ్‌పీ కార్లను వారానికి ఒక్కసారైనా 100 శాతం చేయమని టెస్లా సలహా ఇచ్చింది. కారణం ఏమిటంటే, ఎల్ఎఫ్‌పీలో ఛార్జ్ తగ్గుతున్నా వోల్టేజీ చాలాసేపు దాదాపు ఒకేలా ఉంటుంది. దాంతో మిగిలింది ఎంతో అంచనా వేయడం కారు కంప్యూటర్‌కు కష్టం. నిండా చేస్తేనే దానికి సరైన కొలత దొరుకుతుంది.

ఏళ్ల తరబడి 80 దగ్గర ఆపే అలవాటున్న మనిషి ఎల్ఎఫ్‌పీ కారుకు మారి అదే కొనసాగిస్తే, నెలలు గడిచేకొద్దీ స్క్రీన్ మీద అంకె మీద నమ్మకం తగ్గుతుంది. ఎల్ఎఫ్‌పీ నుంచి ఎన్ఎంసీకి మారి రోజూ 100 చేసేవాళ్లు బ్యాటరీ ఆయుష్షును వాళ్లే తగ్గించుకుంటారు. ఒకే మోడల్‌లో బేస్ వేరియంట్ ఎల్ఎఫ్‌పీ, లాంగ్ రేంజ్ ఎన్ఎంసీ అయి ఉండొచ్చు. ఏదో తెలుసుకుని, ఆ కారు మాన్యువల్లో ఏం రాశారో దాన్నే పాటించండి. చలిలో ఎల్ఎఫ్‌పీ ఛార్జింగ్ ఇంకాస్త నెమ్మదిస్తుందన్నది కూడా గుర్తుంచుకోండి.

బ్యాటరీని చల్లబరిచే పద్ధతి కూడా అడగండి. పాత లీఫ్‌లో ద్రవంతో చల్లబరిచే ఏర్పాటు లేదు, అందుకే వేడి ప్రాంతాల్లో అవి త్వరగా నీరసించాయి. ఇప్పుడు ఎక్కువ కార్లలో ద్రవ శీతలీకరణ ఉంది, కానీ చవక మోడళ్లలో ఒకసారి చూసుకోవడం మంచిది.

వారంటీ విషయానికొస్తే 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, సామర్థ్యం 70 శాతం కన్నా తగ్గకూడదు అన్నది చాలా కంపెనీలు పాటించే మాట. చిన్న అక్షరాలు చదవండి. కొన్ని వారంటీలు మొదటి యజమానికే వర్తిస్తాయి. రేపు మీరు అమ్మేటప్పుడు కారు విలువను అది కొంత నిర్ణయిస్తుంది.

6. సాఫ్ట్‌వేర్ గురించి మొహమాటం లేకుండా అడగండి

ఫోన్ యాప్‌లను కారు స్క్రీన్ మీద చూపించే ఆపిల్ కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో లేకుండా ఉండలేనివాళ్లు ముందే చూసుకోవాలి. టెస్లా ఏళ్ల తరబడి వాటిని ఇవ్వలేదు, రివియన్‌దీ అదే దారి. కొత్త ఈవీల్లో వాటిని తీసేస్తామని జనరల్ మోటార్స్ 2023లో ప్రకటించింది. మరోవైపు, కార్‌ప్లే ఉన్నా అందులోని మ్యాప్‌కు కారు బ్యాటరీ సంగతి తెలియకపోతే ఛార్జర్ దగ్గరికి వెళ్లేలోపు బ్యాటరీ వేడెక్కదు. కారు సొంత నావిగేషన్‌లో ఛార్జర్‌ను గమ్యంగా పెడితేనే వేడెక్కించే కార్లు చాలా ఉన్నాయి. మీరు కొనేదానికి చేత్తో నొక్కే బటన్ ఉందా లేదా అని అడగండి. చలిలో ఈ ఒక్క తేడా ఛార్జింగ్ సమయాన్ని రెట్టింపు చేయగలదు.

గన్ పెట్టగానే డబ్బు కట్ అయ్యే సౌకర్యం ఐఎస్ఓ 15118 ప్రమాణం ద్వారా ఇతర కంపెనీలకూ వచ్చింది. కానీ కారు, నెట్‌వర్క్ రెండూ దాన్ని ఒప్పుకోవాలి, ఖాతాలో ముందే ఆన్ చేయాలి. లేదంటే ప్రతి నెట్‌వర్క్‌కు ఒక యాప్, ఒక పాస్‌వర్డ్ తప్పవు. టెస్లా నుంచి వచ్చేవాళ్లకు ఇదే పెద్ద తలనొప్పిగా అనిపిస్తుంది.

యాప్ ఎన్నేళ్లు ఉచితం, తర్వాత ఎంత, డబ్బు కట్టకపోతే ఏమేం ఆగిపోతాయి అని రాతపూర్వకంగా అడగండి. రిమోట్‌గా ఏసీ వేయడం కూడా సబ్‌స్క్రిప్షన్‌లో పెట్టిన కంపెనీలున్నాయి.

కంపెనీ నిలబడుతుందా అన్నది కూడా అడగాల్సిన ప్రశ్నే. అమెరికాలో ఫిస్కర్ 2024 జూన్‌లో దివాలా దరఖాస్తు చేసింది. దాని ఓషన్ కార్లు కొన్నవాళ్లు విడిభాగాల కోసం, సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ల కోసం వెతుక్కోవాల్సి వచ్చింది. చైనాలో డబ్ల్యూఎం మోటార్ 2023లో అదే దారి పట్టినప్పుడు యాప్‌లు పనిచేయక యజమానులు ఇబ్బంది పడ్డారు. కొత్త కంపెనీలన్నిటినీ అనుమానించమని కాదు. సర్వర్ మూగబోయినా తాళం తీసి, స్టార్ట్ చేసి, ఛార్జ్ చేసుకోగలిగే కారేనా అన్నది మాత్రం చూసి కొనండి. మామూలు కీ కానీ కార్డ్ కానీ ఉండి తీరాలి.

7. టెస్ట్ డ్రైవ్‌లో ఛార్జర్ దాకా వెళ్లండి

షోరూమ్ చుట్టూ పది నిమిషాలు తిప్పితే ఏమీ తెలియదు. సగం పూట కారు అడగండి, లేదా ఒక రోజుకు అదే మోడల్ అద్దెకు తీసుకోండి. మీరు మామూలుగా వాడే ఫాస్ట్ ఛార్జర్ దగ్గరికే తీసుకెళ్లి గన్ పెట్టి చూడండి. కేబుల్ అందిందా, మొదటిసారే కలిసిందా, ఎన్ని కిలోవాట్లు తీసుకుంది, డబ్బు కట్టడం ఎలా ఉంది? అమ్మే మనిషి పక్కనుంటే ఇంకా మంచిది, ఎందుకంటే ఆ ప్రశ్నలకు అతనూ జవాబు వెతుక్కుంటాడు.

నడపడంలో పెద్ద తేడా బ్రేకింగ్‌లో ఉంటుంది. టెస్లాలో యాక్సిలరేటర్ వదిలితే కారు గట్టిగా నెమ్మదిస్తుంది, చివరికి ఆగిపోతుంది. హ్యుందాయ్, కియాల్లో స్టీరింగ్ వెనక ప్యాడిళ్లతో ఆ బలాన్ని మార్చుకోవచ్చు. టైకాన్‌లో కాలు తీస్తే కారు మామూలుగా జారుతూ పోతుంది, శక్తి తిరిగి రావడం ఎక్కువగా బ్రేక్ పెడల్ మీదే జరుగుతుంది. ఒక పెడల్‌తో నడిపే అలవాటున్న కాలు కొత్త కారులో కూడా అది దానంతటదే ఆగుతుందని ఎదురుచూస్తుంది. కాబట్టి ట్రాఫిక్ లేని చోట కాసేపు ఆపడం, బయల్దేరడం మాత్రమే సాధన చేయండి. కొన్ని కార్లు స్టార్ట్ చేసిన ప్రతిసారీ ఈ సెట్టింగ్ మరిచిపోయి పాతదానికి వెళ్తాయి, అది కూడా గమనించండి.

ఇండికేటర్, వైపర్, గేర్ ఎక్కడున్నాయో చూడండి. 2023లో వచ్చిన కొత్త రూపం మోడల్ 3లో టెస్లా ఇండికేటర్ కాడనే తీసేసి స్టీరింగ్ మీద బటన్లు పెట్టింది. ఇలాంటి పోకడల వల్లే కార్ల భద్రతకు రేటింగ్ ఇచ్చే యూరో ఎన్‌క్యాప్ సంస్థ 2026 నుంచి ఇండికేటర్, హజార్డ్ లైట్లు, హారన్, వైపర్, అత్యవసర కాల్‌లకు విడి బటన్లో కాడలో ఉంటేనే పూర్తి మార్కులని నిబంధన పెట్టింది.

ఇంట్లో అందరూ తెలుసుకోవాల్సింది ఒకటుంది. కరెంటు లేనప్పుడు లోపలి నుంచి తలుపు తెరిచే చేతి మీట ఎక్కడుందో వెతకండి, ముఖ్యంగా వెనక తలుపులకు. కొన్ని కార్లలో అది మ్యాట్ కిందో, తలుపు జేబు అడుగునో దాక్కుని ఉంటుంది. పిల్లలు వెనక కూర్చునే ఇంట్లో ఈ పని వాయిదా వేయకూడదు.

8. పాత కారును సాగనంపడం

కుదిరితే కొత్త కారు వచ్చిన తర్వాత కొన్ని రోజులైనా పాతది ఉంచుకోండి. రెండింటినీ పక్కపక్కన చూస్తే ఏ సెట్టింగ్ మరిచిపోయారో తెలుస్తుంది, ఛార్జింగ్ యాప్‌లు స్థిరపడేదాకా టెన్షన్ ఉండదు.

అమ్మేముందు బ్యాటరీ ఆరోగ్యానికి రుజువు చేతిలో పెట్టుకోండి. పాత ఈవీ కొనేవాడు మొదట అడిగేది అదే. కొన్ని కార్లు స్క్రీన్‌లోనే పరీక్ష చేసి చెబుతాయి. లీఫ్ లాంటివాటికి ఓబీడీ పరికరం (కారు కంప్యూటర్ సమాచారాన్ని ఫోన్‌కు పంపేది) తగిలించి లీఫ్ స్పై యాప్‌తో చూసుకోవచ్చు. కంపెనీ సర్వీస్ సెంటర్ రిపోర్ట్ ఉంటే దానికి విలువ ఎక్కువ. ఫొటోల కోసం నిండా ఛార్జ్ చేసి రేంజ్ అంకె చూపించడం కన్నా ఇది వంద రెట్లు మేలు. ఆ అంకె ఇటీవల మీరు నడిపిన తీరును బట్టి మారుతూ ఉంటుంది.

ఛాసిస్ నంబర్‌తో రీకాల్స్ (లోపం సరిచేయడానికి కంపెనీ కార్లను వెనక్కి పిలవడం) పెండింగ్‌లో ఉన్నాయేమో చూసి పూర్తి చేయించండి. కొనే కారుకు కూడా ఇదే చేయండి. షెవర్లే బోల్ట్ కార్లన్నిటినీ 2021లో బ్యాటరీ మంటల భయంతో వెనక్కి పిలిచారు, ఆ పని అయ్యేదాకా ఇంటికి దూరంగా ఆరుబయట పెట్టుకోమన్నారు. రీకాల్‌లో కొత్త బ్యాటరీ వేయించుకున్న కారుకు తర్వాత గిరాకీ పెరిగిందంటే ఆశ్చర్యం లేదు.

డబ్బు కట్టి కొన్న సాఫ్ట్‌వేర్ ఫీచర్లు చాలావరకు కారుతోనే పోతాయి, మీతో రావు. ఇంకో కంపెనీ కారుకైతే వచ్చే ప్రశ్నే లేదు. వాటిని ధరలో చేర్చి మాట్లాడండి. మీ పేరు మీద ఉన్న ఉచిత ఛార్జింగ్ కొత్త యజమానికి వెళ్తుందో లేదో కంపెనీని అడిగి, అది తేలాకే ప్రకటనలో రాయండి.

ఇక ఖాతా. అన్నిటికన్నా నిర్లక్ష్యం చేసేది ఇదే. కారులో మీ ఇంటి చిరునామా, ఫోన్ కాంటాక్టులు, వైఫై పాస్‌వర్డ్, గ్యారేజ్ తలుపు తెరిచే కోడ్, కెమెరా రికార్డింగులు ఉంటాయి. డ్యాష్‌క్యామ్ పెన్‌డ్రైవ్ తీసేయండి. స్క్రీన్‌లో ఫ్యాక్టరీ రీసెట్ చేయండి. అది ఒక్కటే సరిపోదు, కారును యాప్‌లోని మీ ఖాతా నుంచి తొలగించడమో, కొత్త యజమాని పేరుకు బదిలీ చేయడమో జరగాలి. లేకపోతే మీ ఫోన్లో వాళ్ల కారు ఎక్కడుందో కనబడుతూనే ఉంటుంది, తాళం కూడా తీయగలరు. కొనేవాళ్లూ ఇదే సంగతి గట్టిగా అడగాలి. పాత యజమాని ఖాతా తీసేసినట్టు కళ్ల ముందు చూశాకే మిగతా డబ్బు ఇవ్వండి. మీ క్రెడిట్ కార్డ్ ఆ కారుతో ముడిపడి ఉంటే, కొత్తవాళ్లు చేసే ఛార్జింగ్‌కు బిల్లు మీకే రావచ్చు.

9. మొదటి నెల

డెలివరీ రోజే కొత్త ఖాతా, ఫోన్ కీ, కార్డ్ కీ, ఛార్జింగ్ పరిమితి, టైమర్ పెట్టుకోండి. దగ్గర్లోని ఛార్జర్ దగ్గర ఒకసారి ఫాస్ట్ ఛార్జింగ్ చేసి చూడండి. అడాప్టర్ పనిచేయదని దూరప్రయాణం మధ్యలో తెలియకూడదు. రెండు మూడు నెట్‌వర్క్‌ల యాప్‌లు ముందే ఫోన్‌లో పెట్టుకుని కార్డ్ జోడించండి.

స్క్రీన్ మీద రేంజ్ అంకె మొదట్లో వింతగా ఉండొచ్చు. అది ఇంకా మిమ్మల్ని నేర్చుకుంటోంది. కొన్ని వందల కిలోమీటర్లు నడిచాక మీ కాగితం మీది పాత అంకెలతో పోల్చండి.

చిన్న 12 వోల్టుల బ్యాటరీ చచ్చిపోతే బానెట్ ఎలా తెరవాలో, జంప్ ఎక్కడ ఇవ్వాలో మాన్యువల్‌లో చూసి ఫోన్‌లో ఫొటో తీసి పెట్టుకోండి. పెద్ద బ్యాటరీ నిండుగా ఉన్నా చిన్నది పోతే కారు కదలదు. కారును లాక్కెళ్లాల్సి వస్తే చక్రాలన్నీ నేలకు తగలకుండా ఫ్లాట్‌బెడ్ మీదే పంపించమని అడగండి. చాలా ఈవీలను తాడు కట్టి లాగకూడదు, చక్రాలు తిరిగితే మోటారు కరెంటు పుట్టిస్తుంది. ఫ్లాట్‌బెడ్ మీదికి ఎక్కించేటప్పుడు చక్రాలు కదిలేలా వదిలే ట్రాన్స్‌పోర్ట్ మోడ్ ఎక్కడుందో కూడా చూసి పెట్టుకోండి. స్టెప్నీ టైరు ఉందా, పంక్చర్ కిట్ మాత్రమే ఉందా అన్నది ఇంటి దగ్గరే తెలియాలి.

ఇన్సూరెన్స్‌కు ఛార్జింగ్ కేబుల్, గోడ ఛార్జర్ కూడా కవర్ అవుతాయో అడిగి పాలసీ మార్పించుకోండి. పాత కారుతో వచ్చిన అడాప్టర్లు కొత్తదానికి పనికిరాకపోతే అమ్మేయండి, పాత కారు కొన్నవాళ్లకే అవి కావాల్సి ఉండొచ్చు. పాత నెట్‌వర్క్ సభ్యత్వాన్ని వెంటనే రద్దు చేయకండి. చివరి బిల్లులు రావడానికి కొంత సమయం పట్టవచ్చు. స్టేట్‌మెంట్‌లో ఒక నెల ఛార్జింగ్ ఖర్చు పూర్తిగా సున్నా కనిపించాక రద్దు చేసి, కార్డ్ కూడా తొలగించండి.